ఎడమ చక్రం కాడి సప్పుడు

బండి తోలుడు శాంతయ్య పని, బండి కడుగుడు బాలమణి పని. ఈ పనులు ఎవరు పంచిన్రో, ఎప్పుడు పంచిన్రో ఎవరికీ తెల్వదు. పెండ్లయి వీపనగండ్లకు వచ్చిన తెల్లారి చేతికి చీపురిచ్చినట్టే, పికప్పు బండి కొన్ననాడు బకెటు ఇచ్చిన్రు, అంతే. ఆ బండి కూడా కొత్తదేం గాదు. ముగ్గురి చేతులు మారి శాంతయ్య కాడికి వచ్చింది. తలుపు రెండుసార్లు గుద్దితే గాని పడదు. అయినా ఊర్ల ‘బండి శాంతయ్య’ అని పేరు పడేసరికి ఆయన నడకే మారిపోయింది. బాలమణిని మాత్రం బండి బాలమణి అని ఎవరూ అనలేదు. ఉల్లిగడ్డ బస్తాలు అందిచ్చేది ఆమె, తాళ్ళు కట్టేది ఆమె, బస్తాల మీద తాడిపత్రి కప్పేది ఆమె, వనపర్తి మార్కెట్ల సరుకు దించినంక తొట్టి ఊడ్చేది ఆమె. జీతగాన్ని పెట్టుకుంటే పొద్దుగాల చాయ పొయ్యాలె, పొద్దూకితే కూలి ఇయ్యాలె. పెండ్లానికైతే "జల్ది కానియ్" అంటే సరిపాయె.

ముందు సీట్ల ముగ్గురు పడుతరు. శాంతయ్య, పక్కన సావుకారి. సావుకారి లేనినాడు తొవ్వల చెయ్యెత్తినోడు ఎవడైనా సరే. బాలమణి జాగ ఎన్కల తొట్టిల, బస్తాల మీద. కొత్తల ఒకసారి ముందల కూసోబోతే అత్త దేవమ్మ గడపల నిలబడి, "ఆడిది ముందల కూసోని బజార్లకెల్లి పోతే నలుగురు ఏమనుకుంటరే?" అన్నది. ఆ నలుగురు ఎవరో ఇప్పటికీ తెల్వదు గాని, వాళ్ళకోసం ఏడేండ్లు ఎన్కనే కూసున్నది. ఎండకు ఎండింది, వానకు నానింది. కాని ఒక సంగతి జరిగింది, అది ఆ నలుగురికీ తెల్వదు. శాంతయ్య అద్దాలు ఎక్కిచ్చుకోని, పాటల క్యాసెట్టు పెట్టుకోని పోతుంటే ఆయనకు బండి ఇనపడదు. తొట్టిల కూసున్న బాలమణికి బండి తప్ప ఇంకోటి ఇనపడదు. బరువు మోసే కమాన్ పట్టాలు సరిగ్గ ఆమె కూసున్న కాడనే ఉంటయి. ఏ గుంతకు ఏ మూల అరుస్తదో, ఏ మలుపుకు ఏ పక్క మూలుగుతదో ఆమె నడుముకు నోటికి వచ్చినట్టు తెలుసు.

మొదట్ల అది కష్టమే అనిపించింది. తర్వాత తర్వాత, చెప్తే నవ్వుతరు గాని, ఆమెకు అదొక సంబరమైపోయింది. వంట చేసేటప్పుడు, బట్టలు పిండేటప్పుడు, ఎవరు ఏమంటున్నా ‘ఊ’ కొడుతనే లోపల ఆ సప్పుళ్ళ గురించే ఆలోచన చేసేది. పోయిన ఏడు కిర్రు కిర్రుమని ఒకటే అరుపు. శాంతయ్య కుదుపులు ఆపే షాకప్సర్లు మార్పిచ్చిండు, పోలే. ఇంకోసారి మార్పిచ్చిండు, పోలే. ఒకనాడు పెబ్బేరు తొవ్వల వాన దంచి కొట్టింది. వానల అరుపు బందయింది, ఎండ రాంగనే మళ్ళ మొదలయింది. బాలమణి తడిసిన కొంగు పిండుకుంట తనలో తనే నవ్వుకున్నది. నీళ్ళు పడితే ఆగుతున్నదంటే ఎండిపోయిన కాడ ఏదో రుద్దుకుంటున్నట్టు. షాకప్సర్ల కాడ నీళ్ళతోని ఏం పని? పట్టాల కొసలకు ఉండే రబ్బరు బుష్షులు ఎండి పగిలినయి. ఇంటికొచ్చినంక చెంబుతోని ఒక్కొక్క బుష్షు మీద నీళ్ళు పోసి, తొట్టిల ఎక్కి దిగి, ఎక్కి దిగి, ఏ బుష్షో కూడా పట్టుకున్నది. ఉరికిపోయి మొగనికి చెప్పింది.

"నీ మోకాళ్ళు అరుస్తున్నయేమో చూస్కో పో" అన్నడు శాంతయ్య. అరుగు మీద కూసున్నోళ్ళంత నవ్విన్రు. బాలమణి కూడా నవ్వింది. నవ్వకుంటే కోపమొచ్చింది అంటరు, కోపమొచ్చిందంటే పొగరంటరు.

శాంతయ్య వైద్యం వేరే ఉండె. ప్రతి అమాసనాడు, ఇంజన్ల నుంచి తీసిన కాలిన ఆయిలు ఒక డబ్బాల పోసి, "బండికిందికి పో, కనపడ్డ సందుల్ల పొయ్యి, నీ చెయ్యి సన్నగ ఉంటది" అనేటోడు. ఆయన నాయిన ఎడ్లబండి తోలినోడు. ఇరుసుకు కందెన పెట్టనిదే బండి కట్టకపోయేటోడట. "మా నాయిన బండి ఎన్నడన్న అరిసిందా?" అనేది శాంతయ్య మాట. బాలమణి ఎల్లెలకల పండుకోని పట్టాలకు, రాడ్లకు, రబ్బర్లకు అన్నిటికీ పోసేది. ఒకసారి ఆ ఆయిలు కారిన కాడ ఆమె రబ్బరు చెప్పు తెల్లారేదాక ఉండిపోయింది. చూస్తే ఉబ్బి, మెత్తగ నానిన రొట్టె తీరుగ అయింది. చెప్పు వారు పట్టి గుంజితే ఊడొచ్చింది. ఎడ్లబండికి ఇనుము ఉంటది, కట్టె ఉంటది, రబ్బరు యాడుంటది? ఈ బండికి సందు సందున రబ్బరే. ఏడేండ్ల సంది తన చేతులతోనే ఆ రబ్బర్లను కుళ్ళబెడుతున్నదా? ఆ మాట చెప్పబోతే "పొయ్యమన్నది పొయ్యి" అన్నడు.

ఇగ ఈ ఎండకాలం, బుచ్చన్న బిడ్డ పెండ్లికి ఒక్క దినం ముందర, కొత్త సప్పుడు పుట్టింది.

ఊర్ల పెద్దమనిషి బుచ్చన్న తన బిడ్డను అమ్రాబాద్‌కు ఇస్తున్నడు. పిల్లను, పిల్ల తరఫు జనాన్ని తీస్కపోతనని శాంతయ్య మాటిచ్చిండు. తెల్లారి కోడి కూసే యాళ్ళకు బయలెల్లాలె. కొల్లాపూరు మీదికెల్లి అచ్చంపేట, అక్కడ్నించి ఘాటెక్కాలె. ఒకపక్క కొండ, ఒకపక్క లోయ. తొట్టిల ముప్పయి మంది ఆడోళ్ళు, పిల్లలు. ఆ దినం శాంతయ్య ఇంటి ముందర బండి తిప్పి పెడుతుంటే బాలమణి ఎన్కల నిలబడి "రానీ, రానీ" అంటున్నది. బండి ఆగింది. ఆగిన బండిల శాంతయ్య స్టీరింగు తిప్పిండు. ముందర ఎక్కడ్నో ‘టక్’ అన్నది.

బాలమణి చెయ్యి గాల్లనే ఆగిపోయింది. మంగళారం మార్కెటు నుంచి వచ్చేటప్పుడు కూడా ఇన్నది ఈ టక్. అప్పుడు గుంతల దెబ్బ అనుకున్నది. ఇప్పుడు గుంత లేదు, బరువు లేదు, చక్రం కదలలే. కదిలింది స్టీరింగొక్కటే. అయితే ఇది కమాను గాదు, షాకప్సరు గాదు. స్టీరింగుకు, చక్రానికి నడుమ ఏదో వదులైంది. అది తెలిసిన క్షణాన భయం కంటే ముందు, సిగ్గులేకుండ, సంతోషమొచ్చింది ఆమెకు. ఆ తర్వాత ఘాటు యాదికొచ్చి, ఉరికిపోయి తలుపు కాడ నిలబడ్డది.

"ఇగో, ఇను. స్టీరింగు తిప్పితే టక్‌మంటున్నది. ఎడమ పక్క. రేపు ఘాటు ఎక్కాలె గద, మెకానిక్కు సాంసన్‌కు చూపియ్యరాదూ."

"పెండ్లి బండికి అపశకునం మాటలు మాట్లాడకే" అన్నడు శాంతయ్య దిగుకుంట. "ఎన్కల కూసునేదానికి స్టీరింగు సంగతి ఏం తెలుస్తది?" తాళంచెయ్యి మొలకు తగిలిచ్చి, పెండ్లి పందిరి కాడికి పోయిండు.

బాలమణి వాకిట్ల నిలబడింది. ఏడేండ్ల సంది ఆయన నవ్విన ప్రతిసారి తను కూడా నవ్వి ఊకున్నది. కిర్రుమంటే అరుపే గద, ఎవరి ప్రాణం పోలేదు. ఇది అట్లాంటిది గాదు. ముప్పయి మంది. తన చెవులను ఈ ఒక్కసారి ఎవరన్న నమ్మాలె. నమ్మాలంటే చూపియ్యాలె. చూపియ్యాలంటే ఒకరు పైన స్టీరింగు తిప్పాలె, ఒకరు కింద చెయ్యి పెట్టి చూడాలె. ఒక్కతి ఇద్దరి పని ఎట్ల చేస్తది? ఇంట్ల ఇంకెవరున్నరు? దేవమ్మ నీడల కూసోని చింతపండు గింజలు తీస్తున్నది.

"అత్తమ్మా, జర బండి ముందల కూసుంటవా?"

దేవమ్మ తలెత్తి చూసింది. "నేనా? నాకేం పుట్టిందే?"

"రేపు ఘాటు రోడ్డు మీద నువ్వు కూడా ఉంటవు గద. స్టీరింగుల ఏదో వదులైంది. నువ్వు తిప్పు, నేను కింద చూస్త."

ముసలామె చింతపండు చాట పక్కకు నూకింది. తొవ్వకు ఇటుపక్క అటుపక్క చూసింది. పగటీలి మూడైతుంది, కుక్క కూడా నీడ వదిలి రాలేదు. చీర ఎగదోపుకోని, కోడలి భుజం పట్టుకోని ఎక్కి, కొడుకు సీట్ల కూసున్నది. కూసోని రెండు చేతులు స్టీరింగు మీద పెట్టింది. "ఇంత పైనున్నదేందే? ఊరంత కనపడుతున్నది" అన్నది.

"మొత్తం తిప్పకు అత్తమ్మా. మజ్జిగ చిలికినట్టు అటు బెత్తెడు, ఇటు బెత్తెడు."

మజ్జిగ అంటే దేవమ్మకు చెప్పేదేమున్నది. బాలమణి బండికింద ఎల్లెలకల పండుకున్నది. ముందు చక్రాలను రెండిటినీ కలుపుకుంట ఒక పొడుగాటి రాడు ఉంటది. దానికి చెరొక కొసన ఒక ఇనుప గుండు, ఆ గుండు చిన్న గిన్నెల తిరుగుతది, మీద రబ్బరు టోపీ. ఆయిలు పోసి పోసి ఆ పేర్లు తెల్వకున్నా ఆ చోట్లన్నీ ఆమె వేళ్ళకు తెలుసు. పట్టా మీద చెయ్యి పెట్టింది. పైన దేవమ్మ చిలుకుతున్నది. టక్, టక్. చేతిల ఏం లేదు. షాకప్సర్ పట్టుకున్నది, ఏం లేదు. కుడి కొస పట్టుకున్నది, ఏం లేదు. ఎడమ కొసకు పాకి, రబ్బరు టోపీ మీద అరచెయ్యి పెట్టింది. మెత్తగ, చినిగి, లోపల ఇసుక. టక్. కడుపుల బిడ్డ తన్నినట్టు అరచేతిల తగిలింది. ఇంకోసారి టక్.

"దొరికింది" అన్నది. మన్నుల పండుకోని, కండ్లల్ల తుప్పు రాలుతుంటే, అంత సంతోషం ఎన్నడు పడ్డదో ఆమెకు యాదికి రాలే. "దొరికింది అత్తమ్మా. ఇంకొంచెం తిప్పు."

"చెయ్యి నొస్తున్నదే" అన్నది గాని దేవమ్మ ఆపలే.

ఆపిచ్చింది శాంతయ్య గొంతు. బుచ్చన్నను ఎంటబెట్టుకోని వచ్చిండు, ఎంతమంది పడుతరో తొట్టి చూపిద్దామని. డ్రైవరు సీట్ల తల్లి, బండికింద పెండ్లాం కాళ్ళు. "ఏం జేస్తున్నరే మీరిద్దరు నా బండిని?" దేవమ్మ దొంగతనం దొరికినట్టు దిగింది. బాలమణి బయటికి వచ్చి కొంగుతోని మొఖం తుడుచుకున్నది.

"నువ్వు ఒక్కసారి చెయ్యి పెట్టి చూడు. ఎడమ కొస. గుండు గిన్నెల వదులైంది."

"గుండట, గిన్నెట. వంటింట్ల మాటలు" అని బుచ్చన్న దిక్కు చూసి నవ్విండు శాంతయ్య.

బాలమణి ఈసారి నవ్వలే. "బుచ్చన్న మామా, రేపు నీ బిడ్డ ఈ బండిలనే కూసుంటది. నేను చెప్పింది తప్పయితే నా మొఖాన ఉమ్మెయ్యి. సాంసన్ షెడ్డు ఊరి బయటనే గద. చూపిచ్చుకొస్తే ఏంబోతది?"

బుచ్చన్న మీసం నిమిరిండు. ఆడిదాని మాట మీద మొగోన్ని పట్టుకోని అడుగుడు ఆయనకు తోచలే. కాని బిడ్డ బిడ్డే. "చూపిచ్చుకురా పో శాంతయ్యా. మనసుల అనుమానం ఎందుకు?" అన్నడు.

శాంతయ్య మొఖం ఎర్రగయింది. "సరే, పోదాం పా. సాంసన్ ఏం లేదంటే మాత్రం, బండి మాట ఇంకెన్నడూ నీ నోట్ల నుంచి రావద్దు."

"సరే" అన్నది బాలమణి. అన్నంక గాని తెలువలే ఎంత పెద్ద మాటో.

బుచ్చన్న కూడా ఎంట వచ్చిండు. మెకానిక్కు సాంసన్ బండిని మెల్లగ షెడ్డులకు రానిచ్చి, జాకీ పెట్టి ఎడమ చక్రం పైకి లేపిండు. చక్రాన్ని రెండు చేతులతోని పట్టి అటు ఇటు ఊపిండు. సప్పుడు లేదు. మళ్ళ ఊపిండు. లేదు. "బాగనే ఉన్నదన్నా" అన్నడు. శాంతయ్య బుచ్చన్న భుజం మీద చరిచి, "చూసినవా మామా" అని, బాలమణి దిక్కు తిరిగి నోటి మీద వేలు పెట్టుకోని చూపిచ్చిండు. ఇగ మాట్లాడకు అని.

బాలమణి తన చెయ్యి చూసుకున్నది. అరచేతిల ఆ దెబ్బ ఇంకా ఉన్నది. తన చెయ్యి అబద్ధమాడదు. మరి ఏం మారింది? ఇంటికాడ చక్రం నేల మీదుండె. ఇక్కడ గాల్ల ఉన్నది. బస్తా నెత్తిమీదున్నప్పుడు మెడ నొస్తది, దించినంక ఏం నొస్తది?

"సాంసన్, దించు" అన్నది. "గాల్ల ఉంటే పలుకదు. బరువు మీద పడ్డప్పుడే పలుకుతది. దించి, ఒకరు స్టీరింగు తిప్పున్రి. నువ్వు ఎడమ కొస పట్టుకో."

సాంసన్ ఆమెను వింతగ చూసిండు. షెడ్డు పెట్టి పన్నెండేండ్లయింది, అట్లా చెప్పిన మనిషిని చూసుడు ఇదే మొదలు. జాకీ దించిండు. బుచ్చన్న ఎక్కి స్టీరింగు పట్టుకున్నడు. సాంసన్ కిందికి పోయిండు. టక్. ఇంకోసారి టక్. గడ్డపార అడిగి తీస్కున్నడు, రాడు కింద పెట్టి కొద్దిగ ఎత్తిండు. ఎంతో జోరుగ గాదు. గుండు గిన్నెలకెల్లి బయటికి వచ్చి, రాడు కిందికి జారి నేలకు తగిలింది.

"ఇప్పుడు తిప్పు" అన్నడు సాంసన్. బుచ్చన్న స్టీరింగు తిప్పిండు. కుడి చక్రం తిరిగింది. ఎడమ చక్రం ఉన్నకాడనే ఉన్నది. ఘాటు మలుపుల ఇది ఊడుంటే ఏమయ్యేదో నలుగురికీ ఒక్కసారే కనపడ్డది. బుచ్చన్న బండి దిగి, పాత టైరు మీద కూలబడ్డడు.

సాంసన్ చినిగిన రబ్బరు టోపీని వేళ్ళతోని నలిపి చూసిండు. "కాలిన ఆయిలు పోసిన్రా దీనికి? రబ్బరును తినేస్తది గది. టోపీ పోయింది, మట్టి పోయింది లోపలికి, గుండు అరిగింది. బుష్షులకు కూడా ఇదే రోగం ఉంటది చూడు." తలెత్తి అడిగిండు. "ఇంతకీ దీన్ని పట్టుకున్నది ఎవరు?"

బాలమణి నోరు తెరిచేలోపలనే శాంతయ్య అన్నడు. "నేనే. మంగళారం సంది నాకు అనుమానం కొడుతనే ఉండె."

అంత సాఫుగ అన్నడు. ఆమె అక్కడనే ఉన్నది, వీపుకంటిన మన్ను కూడా దులుపుకోలే. బుచ్చన్న చూసిండు, చూసి తల దించుకున్నడు. సాంసన్ చూసిండు, పాన అందుకున్నడు. మొగోల్ల మర్యాద మొగోల్లు కాపాడుకుంటరు, దానికి నేర్పెటోడు అక్కరలేదు. బాలమణి మనసుల లెక్క కట్టుకున్నది. బస్తాలు మోసింది తీస్కున్నడు, పోనీ. కడిగింది, ఊడ్చింది, కట్టింది తీస్కున్నడు, పోనీ. అవి ఎవరు చేసినా అవే పనులు. ఇది అట్ల గాదు. ఇది ఏడేండ్లు ఎండల కూసోని తను సంపాయించుకున్నది, ఇంట్ల తనదంటూ ఉన్నది ఇదొక్కటే. కాని కొత్త కొస బిగుస్తుంటే చూసుకుంట, ముందు ఘాటు దాటనీ అనుకున్నది.

తెల్లారి ముప్పయి మందిల నడుమ కూసోని ఘాటు ఎక్కింది. ఆడోళ్ళు పాటలు పాడుతున్నరు, పెండ్లిపిల్ల నిద్రల జోగుతున్నది. బాలమణి ఒక్కొక్క మలుపుకు చెవి రిక్కించింది. ఎడమకు తిరిగింది, సప్పుడు లేదు. కుడికి తిరిగింది, లేదు. బండి అంత నిమ్మళంగ ఎక్కుతుంటే, లోయ పక్కన చూసుకుంట ఎవరికీ తెల్వకుండ కండ్లనిండ నీళ్ళు పెట్టుకున్నది. సంతోషమే అది.

అమ్రాబాద్‌ల పెండ్లయింది. పగటీలి బంతులు కూసున్నంక శాంతయ్య కత మొదలుపెట్టిండు. "సప్పుడు ఇన్నంక నాకు నిద్ర పట్టలే. గాల్ల లేపితే పలుకదు సాంసన్, దించు అన్న." ఆమె మాట, ఉన్నది ఉన్నట్టు. ఎన్కల ఆడోళ్ళ బంతిల దేవమ్మ ముద్ద నోట్లకు పోనియ్యక ఆపి, కోడలి మోచేతికి పొడిచింది. "ఏమే, నోట్ల బెల్లం పెట్టుకున్నవా? స్టీరింగు నేను తిప్పిన, కింద నువ్వు పండుకున్నవు. వీడెక్కడ పుట్టిండు నడుమల?"

పిల్లగాని తరఫు చుట్టం ఒకడు, భానుప్రకాశ్ అని, జీపు తోలెటోడు, కత మొత్తం ఇని లేచి నిలబడ్డడు. "అన్నా, నా జీపు రెండు నెలల సంది సప్పుడు చేస్తుంది. ముగ్గురు మెకానిక్కులు చూసిన్రు, తెల్వలే. జర నువ్వు చూడరాదూ." ఇగ శాంతయ్య ఎట్ల కాదంటడు? మీసం మెలేసి జీపు ఎక్కిండు. పందిరి చుట్టు రెండు రౌండ్లు తిరిగిండు. బాలమణి చెయ్యి విస్తరి మీదనే ఆగింది. దబ్. కొత్త సప్పుడు, ఎన్నడూ ఇననిది. గుంతల పడ్డప్పుడు రాలే, ఎత్తు మీదికెల్లి దిగినంక వచ్చింది. ఎన్కల కుడిపక్క. అన్నం రుచి తెల్వలే ఇగ. లేచిపోయి ఆ జీపు కింద దూరాలని చేతులు గుంజుతున్నయి.

శాంతయ్య జీపు దిగి, నీళ్ళు తాగుతనని చెప్పి, చేతులు కడిగే కాడికి వచ్చిండు. బాలమణి ఎంగిలి చెయ్యి కడుక్కుంటున్నది. ఆయన మొఖంల చెమట. గొంతు తగ్గిచ్చి, "ఇన్నవు గద? ఏందే ఆ సప్పుడు? నా చెవిల చెప్పు, నేను చెప్త" అన్నడు. ఇంత మెత్తగ ఆయన తనతోని ఎన్నడూ మాట్లాడలే. జాలి కూడా అయింది ఆమెకు. ఒక్క మాట చెప్తే అయిపోతది. ఆయన మర్యాద నిలుస్తది, ఇంటికి పోయినంక ఒక నాలుగు దినాలు బాగ చూసుకుంటడు. ఆ తర్వాత ఇంకో బండి వస్తది, ఇంకో చెవి కావాలె. ఆయన పక్కన చెవి తీరుగ బతుకుడే.

ఆలోపల భానుప్రకాశ్ అక్కడికే వచ్చిండు, ఎన్కల నలుగురైదుగురు మొగోల్లు. "ఏమన్నా, ఏం తెలిసింది?"

శాంతయ్య గొంతు సవరిచ్చుకున్నడు. ఆమె దిక్కు చూసిండు.

బాలమణి తడి చెయ్యి కొంగుకు తుడుచుకోని, మొగన్ని దాటి ముందుకొచ్చింది.

"ఆయనకు తెల్వదు తమ్మీ. నన్నడుగు."